నాయకపోడుల పుట్టుపూర్వోత్తరములు: ఒక విమర్శనము

జగిత్యాల పట్టణ నామమును గూర్చి జనవ్యవహారమున నొక కథ గలదు. జఫరుద్దౌలా కొఱకు 1747వ సంవత్సరమున నిచ్చటి కోటను కట్టించిన ఫ్రెంచి యింజనీర్లలో నొకనిపేరు జాక్ అనియు, రెండవవానిపేరు టాల్ అనియు, ఆ రెండుపేర్లును గలసి జగిత్యాల యైనదనియు ఆ కథ చెప్పును. కోట ఫ్రెంచివారి పనితనమున వెలసినదనుట చరిత్రము. ఊరిపేరును గూర్చినమాట మాత్రము ధ్వనిసామ్యముపై నిలిచిన లోకవ్యుత్పత్తి. ఒక యూరిపేరున కిట్టి కథ పుట్టుటవలన నెవ్వరికిని నష్టము లేదు. వినువారికి వినోదము మిగులును. కాని యొక మానవసముదాయము పేరునకు నిట్టి కథయే పుట్టి, అది చరిత్రమన్న పేరున గ్రంథముల కెక్కి, గ్రంథములనుండి కచ్చేరి కాగితముల కెక్కినచో, ఆ సముదాయమునందలి బిడ్డల చదువును, భూమియు, జీవనమును దానిపై నాధారపడవలసి వచ్చును. ఉత్తర తెలంగాణమునందలి నాయకపోడుల విషయమున నిట్టిదే జరిగినది.

ఆదిలాబాదు, కరీంనగరు, వరంగల్లు పూర్వజిల్లాల యడవి యంచులందును, వానికి చేరువ మైదానపు టూళ్లలోను నివసించు చిన్నతెగలలో నాయకపోడు లొకరు. వీరిని కొన్నిచోట్ల నాయకపువారనియు, కొన్నిచోట్ల కేవలము నాయకులనియు పిలుతురు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములకు ఉత్తరపు టెల్ల గోదావరి. ఆవలియొడ్డున కోలాములును, గోండులును వసించు కొండలు గలవు. ఈవలియొడ్డున చెఱువుల క్రింది వరిపొలములును, సిరిసిల్ల వైపున మగ్గములును గలవు. ఈ రెండు లోకములకు నడుమనున్నవారగుటచేతనే నాయకపోడుల పుట్టుకను గూర్చిన ప్రశ్న చిక్కుపడినది. కొండవారితో చేర్చి చూచిన కొందఱును, మైదానపు సేద్యకులములతో చేర్చి చూచిన కొందఱును భిన్నములైన తీర్పు లిచ్చుటకు వీలైనది. ఆ తీర్పులకు మూలములైన సాక్ష్యములు మూడు: నామము, గాథ, భాష. ఇందు ప్రతిదానికిని దాని బలము గలదు, దాని మేర గలదు. మేర దాటించి వాడుటవలననే పొరపాట్లు పుట్టినవి.

నామవిచారము

నాయకశబ్దము సంస్కృతము. తెలుగుదేశ చరిత్రమున దీనికంటె నెక్కువగ వ్యాపించిన బిరుదు మఱియొకటి యుండదు. కాకతీయులనాటి నాయంకర పద్ధతియందు సైన్యమును పోషించు నధికారులు నాయకులు. రాచకొండ దేవరకొండ రాజ్యముల నేలిన రేచర్ల వంశీయులు పద్మనాయకులు. విజయనగరసామ్రాజ్యపు పాలకులుగ బయలుదేరి మధురను, తంజావూరును స్వతంత్రముగ నేలినవారును నాయకులే. లంబాడీల తండాకు పెద్ద నాయకుడు. ఇట్లు రాజునుండి తండాపెద్ద వఱకు నందఱిని తగులుకొనిన యొక గౌరవవాచకమును పట్టుకొని, దానిని ధరించిన యొక యడవితెగ కాకతీయసైన్యమునుండి చీలి వనములకేగిన క్షత్రియసంతతి యనుట గాని, పద్మనాయకుల శాఖ యనుట గాని పేరునకు మించిన యాధారము లేని మాట.

ఇక నుత్తరపదము. పోడు అనగా అడవిని నఱికి, కాల్చి, ఆ బూడిదలో గింజలు చల్లి చేయు సేద్యమని తెలుగువారెల్ల నెఱుగుదురు. కావున నాయకపోడనగా పోడు కొట్టుకొను నాయకుడని విడదీయుట మిక్కిలి సులభము. నాయకపు అను రూపమును దీసికొని నాయకకాపు అని విడదీసినచో నతడు మైదానపు కాపగును. ఒక్క తెగపేరే పలుకుబడి భేదముచేత నొకప్పుడు కొండవాడును, మఱియొకప్పుడు కాపును నగుచున్నాడు! వ్యుత్పత్తి యెంత సులభముగ దొరకునో దానిని నమ్ముట కంత సందేహింపవలయునను నియమము శబ్దశాస్త్రమున నెన్నియో పర్యాయములు రుజువైనది. పై రెండు విభజనములలో నేదియు వ్యాకరణవిరుద్ధము గాదు. ఐనను వ్యాకరణసమ్మతి చరిత్రసమ్మతి కానేరదు.

నామసామ్య మెంతటి యనర్థమునకు దారితీయునో తెలుపుటకు తెలుగుశబ్దములయందే మఱియొక యుదాహరణము గలదు. మన్నెమనగా కొండలతో నడవులతో నిండిన సీమ. మన్నెమువారు, మన్నెవారు అను పేరు కోలాములకు వాడుకలో నున్నది. మున్నూరు అనునది సంఖ్యావాచకము. మున్నూరుకాపులు జగిత్యాల, కోరుట్ల పరగణాలలో పేరెన్నికగన్న సేద్యకులము. తెలుగు చెవికి మన్నెమునకును మున్నూరునకును గల భేదము స్పష్టమే. కాని యీ రెండు పేర్లును మహారాష్ట్రమున నాందేడు మొదలగు తావులకుబోయి మరాఠీ లిపిలో మన్నేర్వార్లు, మున్నూర్వార్ అని వ్రాయబడునప్పటికి వాని నడుమ స్వల్పభేదమే మిగిలినది. మొదటిపేరు షెడ్యూల్డు తెగల పట్టికలో నున్నది, రెండవది లేదు. ఎవరు మన్నేర్వార్లో, ఎవరు మున్నూర్వారో నిర్ణయింపవలసిన వ్యాజ్యము లనేకములు న్యాయస్థానముల కెక్కినవి. తెలుగు పండితుని కొక క్షణమున తేలునట్టి యీ భేదము పరభాషాలిపియందు తరముల వివాదమైనది.

ఇంతటితో నామసాక్ష్యము సర్వథా త్యాజ్యమని యెంచరాదు. శాసనపరిశోధన మంతయు నామములపైననే నడచుచున్నది. కాని శాసనమందలి నామమునకు కాలము, స్థలము, దానముచేసినవాని వంశము తోడుగ నుండును. తోడులేని నామము సాక్షి లేని పత్రము వంటిది.

గాథావిచారము

నాయకపోడులు తమ పుట్టుకను పాండవులతో, విశేషించి భీమసేనునితో ముడిపెట్టుకొందురు. వారి పూజాద్రవ్యములలో ముఖ్యములు కొయ్యతో చెక్కి రంగులు పూసిన ముఖాకృతులు. పాండవులకును, కృష్ణునకును, పోతరాజునకును వేఱువేఱు ముఖములు గలవు. అన్నిటికిని పెద్ద లక్ష్మీదేవర. ఆ దేవరది గుఱ్ఱపు మొగము. కొలుపునాడు పూజారులు వీనిని ధరించి డోళ్లతో ఊరేగుదురు. కోలాములలోను భీమునిపేరనే భీమయక్ అను దేవుడు పూజింపబడును. ఆ కోలాములను గోండులు తమ గ్రామదేవతలకు పూజారులుగ పిలుచుకొందురు.

ఈ గాథను చదివిన సంస్కృతపండితుడు వెంటనే రెండు నిర్ణయములకు దిగవచ్చును. గుఱ్ఱపు మొగమును జూచి హయగ్రీవుడనవచ్చును. పాండవుల ముఖములను జూచి యీ తెగ పూర్వము ఆర్యావర్తమునుండి వలసవచ్చినదనవచ్చును. మొదటిది రూపసామ్యముపై మాత్రము నిలిచినది. హయగ్రీవకథలోని వేదాపహరణము గాని, రాక్షసవధ గాని యీ కొలుపునందు ప్రధానములు కావు. రెండవ నిర్ణయమును హిమాలయప్రాంతమే ఖండించుచున్నది. యమునానది పుట్టుచోటికి దిగువను, నేటి ఉత్తరాఖండమునందు జౌన్‌సార్ అను పర్వతసీమ గలదు. అచ్చటి జౌన్‌సారీలు 1967లో షెడ్యూల్డు తెగగ గుర్తింపబడినవారు. వారును తమ యాచారములను పాండవులతోనే ముడిపెట్టుకొందురు. గోదావరి యొడ్డున తెలుగు మాటలాడు నాయకపోడును, యమునకు పైనున్న పహాడీభాష మాటలాడు జౌన్‌సారీయు పాండవసంతతియగుటచేత దాయాదు లనరాదు గదా. భారతకథ యెంతదూరము పాకినదో యీ గాథలు తెలుపును. జనులు ఎచ్చటినుండి వచ్చిరో తెలుపవు.

ఐనను గాథయందొక సూక్ష్మము గలదు. అయిదుగురిలో భీమునే యేల యెన్నుకొనిరి? భారతమున నడవిజాతి స్త్రీని వివాహమాడి, యామెయందు పుత్రుని గన్నవాడు భీముడు. హిడింబావృత్తాంతము ఆదిపర్వములోనిది, నన్నయభట్టు తెనిగించిన భాగములోనిది. రాజవంశమునకును, వనజనులకును భారతమున గల బంధుత్వసూత్రము భీమునిచేతనే ముడిపడినది. ఆ సూత్రమును పట్టుకొనుటలో నొక యభిమానము గలదు: రాజుల కథలో తమకును చోటున్నదని చెప్పుట. గాథ వంశచరిత్రము గాకపోయినను, ఆ తెగ లోకమున తన స్థానమును ఎట్లు తలచుకొన్నదో చెప్పు సాక్ష్యమగుచున్నది. సిరిసిల్లలోని పద్మశాలీలు మార్కండేయుని కుమారుడగు భావనాఋషిని తమ మూలపురుషునిగ నెంచుట యిట్టిదే. తామరనూలితో దేవతలకు వస్త్రము నేసెనను కథను మగ్గముల చరిత్రమునకు తేదీగ వాడువారు లేరు. దాని యంతరార్థమును కాదనువారును లేరు. నేతగాని గాథకు చూపు నీ వివేకమునే యడవివాని గాథకును చూపవలయును.

గాథను కాలనిర్ణయమునకు వాడినచో నేమగునో జగిత్యాల ప్రాంతమే తెలుపును. మేడారపు సమ్మక్కకథలో, పొలవాసను పాలించిన మేడరాజు వేటకుబోయి యడవిలో పులుల నడుమ నొక శిశువును గని, తెచ్చి పెంచి, మేడారపు పగిడిద్దరాజునకిచ్చి వివాహము చేసెనని గలదు. జగిత్యాలకు చేరువనున్న పొలాసయే ఆ పొలవాసయని చరిత్రకారులు గుర్తించిరి. కథలో సమ్మక్కపై దండెత్తినవాడు ప్రతాపరుద్రుడు. అతని పాలనము 1289 నుండి 1323 వఱకు. కాని మేడరాజును గెలిచినట్లు చెప్పుకొన్నవాడు కాకతి రుద్రదేవుడు; హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని యతని శాసనము 1163వ సంవత్సరమునాటిది. నడుమ నూటయిరువదియైదేండ్లకు పైబడిన యెడము గలదు. మేడరాజను పేరు ఆ వంశమున నొకరికంటె నెక్కువమందికి గలదని సమర్థించినను, రుద్రదేవుని విజయముతో పొలవాస స్వతంత్రపాలనము తీరిన పిదప ప్రతాపరుద్రునినాటికి మఱియొక మేడరాజును నిలుపుట కష్టము. జనస్మృతి రెండు యుద్ధములను, ఇద్దఱు కాకతీయులను గలిపి యొకటి చేసినది. తేదీలయందు కథ తప్పినను, కొండజనులకును పొలవాసకును గల సంబంధమును, కాకతీయుల పన్నునకు వారు చేసిన ప్రతిఘటనమును మఱవలేదు. రెండేండ్ల కొకమాఱు మాఘమాసమున జరుగు ఆ జాతరకు నాయకపోడులు తమ లక్ష్మీదేవరను గొనిపోవుచుందురు. కోయల దేవతకడకు నాయకపోడుల దేవర వెళ్లుట రక్తసంబంధమునకు నిదర్శనము గాదు. ఒకే యడవిలోని పొరుగుతనమునకు మాత్రము దృఢమైన నిదర్శనము.

భాషావిచారము

మూడు సాక్ష్యములలోను శాస్త్రజ్ఞు లెక్కువగ నమ్మునది భాష. గ్రియర్సను సంపాదకత్వమున వెలువడిన భారతభాషా సర్వేక్షణము నాలుగవ సంపుటము (1906) నందు స్టెన్ కోనో కోలామీని, చాందా జిల్లాలోని నాయికీని గూర్చి వ్రాసి, రెంటికిని గల సన్నిహితసంబంధమును చూపెను. ఆదిలాబాదున నధికారిగ పనిచేసిన సేతుమాధవరావు 1950లో హైదరాబాదున కోలామీ వ్యాకరణమును ప్రకటించెను. ఎమెనో రచించిన కోలామీ గ్రంథము 1955లో వెలువడెను. చాందా నాయికీని సుధీభూషణ భట్టాచార్య 1961లో వర్ణించెను. ఆ సంవత్సరముననే భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువులను గూర్చిన గ్రంథమున, తెలుగు గోండి, కువి, కొండ మొదలగు భాషలతో నొకశాఖకు చెందునని నిరూపించెను. కోలామి, నాయికి, పర్జి, గదబ భాషలు వేఱుశాఖ.

ఈ విభాగము చదువరి కాశ్చర్యము గలిగించును. కోలామీ విన్న తెలుగువాడు తన భాషకే దగ్గఱయని తలచును. ఏలన నందు తెలుగుమాటలు మెండు. సంఖ్యలలో నాలుగు వఱకు కోలామీకి సొంతమాటలు గలవు. అయిదు మొదలుకొని తెలుగుమాటలే. కాని యరువుసొమ్మును దీసివైచి చూచినచో నిజరూపము కానవచ్చును. తెలుగున నీరు, కోలామీ నాయికీలలో ఈర్. తెలుగున ఇల్లు, కోలామీలో ఎల్ల. ఇట్టి యింటిమాటలందును, క్రియారూపములందును గదా భాషయొక్క వంశము తెలియుట. సంతమాటలు సంతలో మాఱును. పొయ్యికడ మాటలు తేలికగ మాఱవు.

ఆదిలాబాదు కొండలలో 1940 తరువాతి దశాబ్దమున తెగలను పరిశీలించిన హైమెండార్ఫు కోలాములను నాయకపోడులను పరస్పరము సన్నిహితులుగ నెంచెను. నాయికియను భాషానామము, భీమదేవతారాధనము, పూజారివృత్తి యనునవి యా యభిప్రాయమునకు బలము చేకూర్చుచున్నవి. కావున నాయకపోడులు పూర్వము కోలామీవంటి భాషను మాటలాడి, మైదానమునకు దిగిన కొలది తెలుగును స్వీకరించిరను నూహ యుక్తమే. కాని యూహ యూహయే. పైని నాయకశబ్దమును గూర్చి చెప్పిన హెచ్చరిక యిచ్చటను వర్తించును. చాందాలోని నాయికియు, కరీంనగరు సీమలోని నాయకపోడును ఒకే నాయకశబ్దమును ధరించుట యొక్కటియే యాధారమైనచో, అది జాక్–టాల్ కథకంటె మేలైనది గాదు. ఇచ్చటి వృద్ధుల తెలుగులో, లక్ష్మీదేవర కొలుపుపాటలలో, బంధుత్వవాచకములలో, ఈర్, ఎల్ల వంటి శేషములు దొరకినప్పుడే యది ప్రమాణ మగును. దొరకకున్నను తెగ తెగ గాకపోదు. భాషాంతరమున శేషములు తుడిచిపెట్టుకొని పోవుటయు గలదు.

భాషనే తుదితీర్పుగ నెంచుట యెంత యనుచితమో చెంచులు తెలుపుదురు. చెంచులు తెలుగే మాటలాడుదురు. వారు చెంచులు గారని యెవ్వరును అనరు. భిల్లుల భాష ఆర్యశాఖకు చెందినది, వారును భిల్లులే. కేవల భాషనే నమ్మినచో నాయకపోడు విషయమున మూడు తీర్పులు వచ్చును: నేటి వాడుకనుబట్టి తెలుగువాడు, పూర్వభాషానుమానమునుబట్టి కోలాము, ప్రభుత్వపు పట్టికనుబట్టి గోండు. ఒక ప్రమాణము మూడు ఫలితముల నిచ్చినచో నది యొంటిగ నిలువదగిన ప్రమాణము గాదు.

జీవనసామ్యమును బట్టి సంబంధము నిర్ణయించుటయు నిట్లే తప్పినది. హిమాలయమునందే నేపాళదేశపు కుసుందులు మిక్కిలి చిన్నతెగ. 1848లో బ్రయన్ హాడ్జ్‌సన్ వారినిని చేపాంగులనుగూడ ఒక్కవ్యాసమున జేర్చి, అడవులలో తిరుగు నీ రెండు తెగలును ప్రాచీనసంబంధము గలవారుగ నెంచెను. చేపాంగుభాష తిబ్బతు-బర్మా కుటుంబములోనిదని తరువాత తేలినది. కుసుందభాష యట్లుగాదు, డేవిడ్ వాటర్సు దానికి 2006లో వ్యాకరణము వెలువరించునప్పటికి దానిని మాటలాడువారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే మిగిలిరి. ఏ భాషాకుటుంబమునకును చేరక యది యేకాకిగ నిలిచినది. ఇరువురును కందమూలములు త్రవ్వుకొనుటయు, వేటాడుటయు చూచి యొక్కటియన్నమాట భాషాపరిశీలనమున నిలువలేదు. దూరమునుండి చూచువానికి అడవివారందఱు నొక్కతీరుగనే కనుపింతురు. పొరపాటు అడవిది గాదు, దూరముది.

పట్టికయు తెగయు

ఈ చర్చ పండితుల వినోదమాత్రమై యుండినచో నింతటితో ముగింపవచ్చును. కాని 1950వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీని రాష్ట్రపతి వెలువరించిన యుత్తరువు దీనికి వేఱొక గౌరవమును, వేఱొక యపాయమును దెచ్చినది. ఆ యుత్తరువున హైదరాబాదు రాష్ట్రపు షెడ్యూల్డు తెగలలో గోండు అను పేరు వ్రాసి, నాయకపోడును రాజగోండును దానిలో నంతర్భాగములుగ చేర్చిరి. కోలాము అను పేరు వ్రాసి మన్నేర్వార్లను దానిలో చేర్చిరి. భాషానుమానము నాయకపోడులను కోలాముల ప్రక్కన నిలుపగా, పట్టిక వారిని గోండుల క్రింద నుంచినది. 1976లోను, తరువాత 2003లోను పట్టిక సవరింపబడినది. నేటి తెలంగాణ పట్టికలో గోండు, నాయకపోడు, రాజగోండు, కోయితూర్ అను పేర్లు నాలుగు నొక్క సంఖ్యక్రిందనే యున్నవి. అదే పట్టికలో కాట్టునాయకన్ అనియు, ఏజెన్సీ ప్రాంతములకు పరిమితమైన నాయకులనియు వేఱుగ మఱిరెండు సంఖ్యలు గలవు. ఒక్క పట్టికలోనే మూడుచోట్ల నాయకశబ్దము నిలిచినది; మూడును మూడు సముదాయములు. నామసామ్యము బంధుత్వమునకు ప్రమాణము గాదనుటకు ప్రభుత్వపు కాగితమే సాక్ష్యము.

పట్టికను చరిత్రగ్రంథముగ చదువుటయు, చరిత్రగ్రంథమును పట్టికగ వాడుటయు రెండును తప్పులే. పట్టిక యొక పరిపాలనావసరము. గోండు క్రింద నాయకపోడును వ్రాసినంతమాత్రమున నాయకపోడు గోండు కాడు; కోలామునకు సన్నిహితుడని భాషావేత్త చెప్పినంతమాత్రమున పట్టికలోని హక్కు తొలగదు. ఈ భేదమును సర్వోన్నతన్యాయస్థానము 2000వ సంవత్సరమున మహారాష్ట్రపు కోష్టీల వ్యాజ్యమున స్పష్టము చేసినది. నేతవృత్తివారగు కోష్టీలు తాము హల్బాతెగలో నంతర్భాగమని వాదింపగా, పట్టికను వ్రాసినది వ్రాసినట్లే చదువవలయుననియు, విచారణచేసి యందులేని పేరును చేర్చుట తగదనియు తీర్పు వచ్చినది. ఇంతటి యక్షరనిష్ఠ గల చోట నొక యక్షరము జాఱినను తెగ జాఱును. పట్టికలో నాయకపోడని యుండగా, ఇంటికడ నాయకపువారని పిలువబడు కుటుంబమునకు గల చిక్కు ఇందే గలదు.

మఱి యక్షరములను వ్రాసినవా రెవరు? తెగవాని నిరూపణమునకు న్యాయస్థానము లెక్కువ విలువ నిచ్చునది పాతకాగితములకు. అందును రాజ్యాంగమునకు పూర్వపు కాగితములకు. ఆ కాగితములలో ముఖ్యమైనది పాఠశాలయొక్క ప్రవేశపుస్తకము. 1994లో మాధురీ పాటిల్ వ్యాజ్యమున నిర్ణయించిన పద్ధతిననుసరించి, విచారణాధికారులు తెగయొక్క దేవతలను, ఆచారములను, వివాహ మరణసంస్కారములనుగూడ ప్రశ్నింపవలసియున్నది. 2023లో మఱల నాన్యాయస్థానమే, ఆచారపరీక్ష యొక్కటియే తుదిగీటురాయి గాదని తెల్పినది. నాగరకతతో నాచారములు మాఱుననుట దానికి కారణము. ఈ రెండు తీర్పుల నడుమ నాయకపోడు పిల్లవాని భవిష్యము వ్రేలాడుచున్నది: కాగితము లేకున్న నాచారము చూపవలయును, ఆచారము మఱచినచో కాగితము చూపవలయును.

ఆ కాగితమును వ్రాసినవాడు బడిపంతులు. తండ్రి తన కులము నాయకపు అని చెప్పగా, అది గ్రామ్యరూపమని తలచి నాయకుడనియో, నాయుడనియో దిద్దినవాడు, మన్నెవాడనగా మున్నూరని విన్నవాడు, తెలిసియో తెలియకయో యొక వంశముయొక్క సాక్ష్యమును చెఱిపినవాడగును. శుద్ధరూపముపై ప్రీతి పండితునకు సహజము. కావ్యమునం దది గుణము. ప్రవేశపుస్తకమునందు మాత్రము చెప్పినమాటను చెప్పినట్లు వ్రాయుటయే శుద్ధి.

కర్తవ్యము

నాయకపోడుల పుట్టుకను గూర్చి నేడు నిశ్చయముగ చెప్పదగినది స్వల్పము. వారిపేరు వారి వంశమును చెప్పదు. వారి గాథ వారి యభిమానమును చెప్పును. కోలాములతో సంబంధము బలమైన యూహ. గోండులతో చేరిక పట్టికాకృతము. తెలుగు వారి నేటి యింటిభాష. ఇవి యొకదానినొకటి కొట్టివేయునవి కావు. ఒక చిన్నతెగ పెద్దజనముల నడుమ బ్రతికివచ్చిన త్రోవలో నాటుకొన్న గుఱుతులే యివి యన్నియు.

మిగిలినది సేకరణము. అది దూరదేశపు శాస్త్రజ్ఞునికంటె జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠశాలల పండితులకే సులభసాధ్యము. ఏలన వారి యెదుటనే యా పిల్లలు కూర్చుండుచున్నారు. ఇంటిపేర్లును, ఏ యింటిపేరువారు ఏ యింటిపేరువారితో వియ్యమందరో యనునదియు. మేనమామను, వదినెను, ముత్తవ్వను పిలుచు పిలుపులును. నీటికి, నిప్పునకు, ఇంటికి, ధాన్యమునకు వృద్ధురాండ్రు వాడు మాటలును. కొలుపునాడు దేవరముందు పాడు పాటలలో పాడువారికిని అర్థము తెలియని పదములును వ్రాసికొనదగినవి. అర్థము తెలియని పదములే మిక్కిలి విలువగలవి. అర్థమైన పదములు కాలముతో దిద్దబడును, అర్థముకానివి మాత్రము భక్తిచేత యథాతథముగ కాపాడబడును. వ్రాయునపుడు సంస్కృతీకరింపక, విన్న పలుకును విన్నట్లు వ్రాసి, ఊరును, తేదీని, చెప్పినవారి యీడును ప్రక్కన గుర్తించినచో చాలును.

కోలామీకి 1950లో వ్యాకరణము వెలువడినది గనుక ఈర్ వంటి మాటలు శాఖానిర్ణయమునకు తోడ్పడినవి. కుసుందులను 1848లో గుర్తించియు వారి భాషకు సమగ్రవ్యాకరణము 2006 వఱకు రాలేదు; అప్పటికే భాష యడుగంటినది. గోదావరి యీవలియొడ్డున లక్ష్మీదేవర డోళ్లు నేటికిని మ్రోగుచునే యున్నవి. ఆ పాటలు వ్రాతకెక్కకయే మఱుగుపడినచో, ముందుతరమున నాయకపోడుల పుట్టుకను గూర్చి యడుగువారికి పేరొక్కటియే మిగులును. పేరునుండి కథ పుట్టుట కెంతసేపు పట్టునో జగిత్యాలవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.